ముక్కు గొట్టం లేని పరీక్ష

ఆమె కుడిచేతి చిటికెన వేలు అప్పటికే అన్నయ్య చెంప ఎముక మీద ఆని ఉంది. మిగతా వేళ్ల మధ్య సిరాపెన్నంత పరికరం, దాని కొనకు చల్లటి జెల్లు. చెవికి ముందు, కంటి చివరకు కాస్త వెనగ్గా, కణత మీద ఆ కొనను ఆనించి వెంట్రుకవాసి అటూ ఇటూ వంచుతూ వెతుకుతోంది. పక్కనున్న పెట్టెలోంచి ఇసుక జల్లెడ పడుతున్నట్టు గరగర తప్ప ఏమీ రావడం లేదు.

“ఏమే, నా బుర్రలో ఏమీ లేదని ఇప్పటికి తెలిసిందా?” అన్నాడు అన్నయ్య. మంచం మీద వెల్లకిలా పడుకొని పైకప్పుకేసి చూస్తున్నాడు.

“ఉందో లేదో, గోడ మాత్రం మందంగా ఉంది. కాసేపు నోరు కట్టుకో,” అంది.

ఇంకాస్త వెనక్కి, ఇంకాస్త పైకి. గరగర మధ్యలోంచి సన్నగా, ఈల కలిసిన ఊపిరిలాంటి చప్పుడు లేచింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా హుష్షుమని ఎగసి తగ్గుతోంది. ఎడమ మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం అది. ఆమె చేయి అక్కడే బిగిసిపోయింది. రెండో చేత్తో తలపట్టీ లాగి, మర బిగించి, పరికరాన్ని దానికి అప్పగించాకే వేళ్లు వదిలింది. కుడి కణత మీద అలాంటిదే ఇంకొకటి అప్పటికే బిగించి ఉంది.

పుర్రె అంతా గట్టి ఎముకే అయినా కణత దగ్గర ఒకచోట పలచగా ఉంటుంది. ధ్వని లోపలికి వెళ్లి, పారే రక్తానికి తగిలి తిరిగి రావడానికి దారి అదొక్కటే. ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని కిటికీ అంటారు. కొందరికది గుమ్మమంత ఉంటుంది, కొందరికి సూదిబెజ్జమంత. వయసు పైబడ్డకొద్దీ మూసుకుపోతుంది కూడా. మిగతావాళ్లు చేతులెత్తేసిన తలల్లో కూడా ఆమె దాన్ని పట్టుకునేది. అందుకే ఆసుపత్రిలో పెద్దా చిన్నా అందరికీ ఆమె కిటికీ అక్క.

ఆ రోజు మంచం మీద ఉన్నది ఆమె సొంత అన్నయ్య. గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు. కొన్ని నెలలుగా కూర్చున్నవాడు లేస్తే కళ్లు మసకబారుతున్నాయి. మెడ స్కాను తీస్తే ఎడమవైపు పెద్ద రక్తనాళం దాదాపుగా పూడుకుపోయిందని తేలింది. అయితే అది ఒక్కటే చూసి ఏదీ నిర్ణయించలేమని డాక్టరమ్మ చెప్పింది. మనం పడుకున్నా లేచినా, రక్తపోటు పెరిగినా తగ్గినా, మెదడు తనకు కావలసిన రక్తాన్ని తానే సరిచూసుకుంటుంది. లోపలి సన్న నాళాలు అవసరాన్ని బట్టి విప్పారతాయి, ముడుచుకుంటాయి. కింద మెడ నాళం ఇరుకైనా పైన ఆ సర్దుబాటు మిగిలి ఉంటే మాత్రలతో నెట్టుకురావచ్చు, పని చేసుకోవచ్చు. అది పోయి ఉంటే మెడకు ఆపరేషన్ చెయ్యాలి, నిచ్చెన మాట మరిచిపోవాలి. ఆ ఆపరేషన్‌లోనూ కొద్దిమందికి కుడిచేయి, మాట దెబ్బతింటాయి. ఆ సంగతి డాక్టరమ్మ దాచలేదు. పెయింటరుకు అందులో కుడిచేయి అన్న మాట ఒక్కటే వినిపించింది.

అతని పనిలో మిగిలింది కూడా ఎత్తు గోడలే. దుకాణాల బోర్డులన్నీ మెషిన్ల మీద అచ్చయి వస్తున్నాయి. గోడౌన్ల మీద, మిల్లుల మీద, నీళ్ల ట్యాంకుల మీద మనిషంత అక్షరాలు రాయాలంటేనే ఇంకా మనిషి కావాలి. పరీక్షకు వచ్చేనాటికి ఒక పిండిమిల్లు గోడ ఒప్పుకొని ఉన్నాడు. పరంజా కూడా కట్టించేశాడు.

అన్నాచెల్లెళ్లిద్దరూ రెండు గదుల ఇంట్లో పెరిగారు. తండ్రి మంచాన పడ్డప్పుడు అన్నయ్య బడి మానేసి బోర్డులు రాసే ఒక పెద్దాయన దగ్గర చేరాడు. చెల్లెలికి అక్షరాలు దిద్దించింది అతనే. పలక కొనలేక పాత డబ్బా రేకు మీద, పనిలో మిగిలిన రంగుతో రాయించాడు. కుంచె పట్టిన చేయి గాల్లో వేలాడకూడదు, చిటికెన వేలు కింద ఆనాలి, అప్పుడే గీత వణకదు అని వేళ్లు పట్టి కూర్చోబెట్టాడు. రోగి చెంప మీద చిటికెన వేలు ఆనించడం ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

పెళ్లయిన కొద్దికాలానికే భర్త జబ్బుచేసి పోయాడు. అన్నయ్య వెళ్లి, ఎవరినీ ఒక్క మాట అడగకుండా, ఆమె పెట్టె తన భుజాన పెట్టుకొని తీసుకొచ్చాడు. తన ఇంటి పైగది ఇచ్చాడు. పైగది అన్నాడు గాని అది రంగు డబ్బాలు పెట్టుకునే గది. డబ్బాలు మెట్ల మీదకు దిగాయి. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మెట్లెక్కాలంటే పక్కకు తిరిగి ఎక్కాల్సిందే. అందుకు వదిన ఒక్కనాడూ విసుక్కోలేదు. పైగా, ఇంట్లో ఎవరూ లావెక్కకుండా మీ అన్నయ్య మంచి ఉపాయం చేశాడని నవ్వేది.

ఆసుపత్రిలో ఆమె మొదట చేరింది తుడిచే పనికి. పరీక్ష గదిలో దుప్పట్లు మార్చడం, రోగుల తలల మీద జెల్లు తుడవడం. అప్పటి టెక్నీషియన్‌కు ఓపిక తక్కువ. కణత మీద రెండుసార్లు వెతికి దొరక్కపోతే కిటికీ లేదని రాసి పంపేసేవాడు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఆమె చేతద్దం ముందు పెట్టుకొని తన కణత మీదే వెతుక్కునేది. తర్వాత ఆయాల తలలు, వాచ్‌మన్ తల. వాచ్‌మన్ తలలో ఎంతకీ చప్పుడు దొరక్కపోతే, ఆయన రాత్రి డ్యూటీ మనిషి, పగలు మెదడు కూడా పడుకునే ఉంటుందని ఆయాలు ఆటపట్టించేవారు. మర్నాడు దొరికింది. అలా దొరికించుకుంటూ, చదువుకుంటూ, పరీక్ష ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కి టెక్నీషియన్ అయింది. తలపట్టీ మర అరిగిపోతే పరికరాలు బాగుచేసే మా గదికి స్వయంగా తెచ్చేది, ఎవరిచేతా పంపేది కాదు. అది ఎంత వదులైందో వేలితో తిప్పి చూపించేది. చెయ్యాల్సిన పని ఏమిటో అక్కడే తెలిసిపోయేది.

ఆమె పనిలో ఒక కట్టుబాటు ఉండేది. పరీక్షకు ముందు రోగి ముక్కు కింద సన్నటి ప్లాస్టిక్ గొట్టం పెట్టాలి. వదిలే ఊపిరిలో చెడుగాలి ఎంత ఉందో అది చెబుతుంది. చూడ్డానికి అదేమంత పెద్ద విషయంలా కనిపించదు. కాని ఊపిరి గబగబా తీసేవాడి మెదడులో నాళాలు బిగుసుకుంటాయి. అలా బిగుసుకున్నప్పుడు సర్దుబాటు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. ఊపిరి బిగబట్టినవాడికి అది తిరగబడి, లేని లోపం ఉన్నట్టు వస్తుంది. అందుకని గొట్టం లేకుండా పరీక్ష లేదు. వద్దని మొండికేసినవాళ్లను బయట బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, స్థిమితపడ్డాక మళ్లీ పిలిచేది. ఒకసారి ఆసుపత్రి కమిటీ పెద్దమనిషినే అలా కూర్చోబెట్టింది.

అన్నయ్య ముక్కు కింద గొట్టం పెట్టబోతే తల పక్కకు తిప్పేశాడు.

“తలకు పట్టీ, వేలికి పట్టీ, తొడలకు పట్టీలు. ఇప్పుడు ముక్కుతాడు కూడానా? నాగలికేమైనా కడతావా నన్ను?”

నవ్వుతూనే అన్నాడు. అయితే దుప్పటి అంచు పట్టుకున్న అతని వేళ్లు తెల్లబడి ఉన్నాయి. ఎంత ఎత్తు పరంజా మీదైనా వెనక్కి చూడకుండా నడిచే మనిషి, నేల మీద మంచంలో పడుకొని భయపడుతున్నాడు. ఆమెకు చేయి రాలేదు. బయట కూర్చోబెడితే అటునుంచి అటే వెళ్లిపోతాడేమో అనిపించింది. ఛాతీ ఎలా కదులుతోందో కళ్లతో చూసుకుంటే సరిపోతుందిలే అనుకుంది. గొట్టాన్ని చుట్టి కొక్కేనికి తగిలించేసింది.

పరీక్ష మొదలైంది. వేలి పట్టీ రక్తపోటును గీతగా తెర మీదకు తెస్తోంది. తొడల పట్టీల్లో గాలి నిండి బిగుసుకున్నాయి. కొద్ది నిమిషాలు అలా ఉంచి ఒక్కసారిగా వదిలేస్తే, రక్తం కాళ్లలోకి దిగి రక్తపోటు ఉన్నపళాన పడిపోతుంది. దాంతోపాటు మెదడుకు వెళ్లే రక్తమూ పడుతుంది. అసలు చూడాల్సింది ఆ తర్వాతే. మెదడు బాగుంటే, రక్తపోటు ఇంకా కిందనే ఉండగా తన రక్తాన్ని తాను పైకి తెచ్చుకుంటుంది. లేకపోతే రక్తపోటు లేచినప్పుడే అదీ లేస్తుంది.

పట్టీలు బిగిసినంతసేపూ అన్నయ్య పళ్లు కొరుకుతూ బుసలు కొట్టాడు. ఆమె కళ్లు తెర మీద, చెవులు చప్పుడు మీద ఉన్నాయి. ఛాతీ వైపు చూడాలనుకున్నది చూడలేదు. పట్టీలు వదిలింది. చప్పుడు కుంగింది. మళ్లీ లేచింది. కుడివైపు బాగా ముందే, ఎడమవైపు కాస్త వెనకగా. లెక్క కట్టిన అంకె ఎడమవైపున, సర్దుబాటు ఉన్నట్టా లేనట్టా అని విడదీసే గీతకు కొంచెం పైన ఆగింది.

డాక్టరమ్మ కాగితం చూసి, ఊపిరి కొలత రాయాల్సిన గడి ఖాళీగా ఉందేమని అడిగింది. గొట్టం సరిగ్గా నిలవలేదండీ, ఊపిరి మామూలుగానే ఉంది అని కిటికీ అక్క చెప్పింది. ఇంకొకరైతే డాక్టరమ్మ మళ్లీ చెయ్యమనేదే. ఈమె మాట మీద సంతకం పెట్టింది. మాత్రలు రాసి, జాగ్రత్తగా పని చేసుకోమంది.

ఆ సాయంత్రం ఇంట్లో పండగలా ఉంది. అన్నయ్య మెట్ల మీద డబ్బాలన్నీ దించి, మూతలు తీసి, గట్టిపడ్డవి వేరుచేసి, మిల్లు గోడకు కావలసినవి గుమ్మం దగ్గర పేర్చాడు. మా చెల్లాయి నా తల విప్పి చూసింది, లోపలంతా కొత్త రంగు వేసినట్టుందట అని వీధిలో వెళ్లేవాళ్లకు కూడా చెప్పాడు. వదిన ఆమె చెయ్యి పట్టుకొని కాసేపు వదల్లేదు.

తర్వాత కొన్నాళ్లు ఆమె తన మనసుకు తానే సర్దిచెప్పుకుంది. అంకె గీతకు పైనే ఉంది కదా. ఊపిరి వేగం ఉంటే గింటే కాస్తే ఉంటుంది. రోజూ పొద్దున్న అన్నయ్య కుంచెలు భుజానికి తగిలించుకొని వెళ్తుంటే పైనుంచి చూసేది. నడక బాగానే ఉంది. ఆ బాగానే ఉండటాన్ని పట్టుకొని వేలాడింది.

ఒక ఉదయం కుళాయి దగ్గర ఆమెతో కలిసి బట్టలు పిండుతూ వదిన అటూ ఇటూ చూసింది.

“నీకు చెప్పొద్దన్నాడు. చెప్తే నన్ను ఇంట్లోంచి వెళ్లగొడతాడట. పోనీలే, నాకూ విశ్రాంతి,” అంది. ఆ నవ్వు నిలబడలేదు. “నిన్న పరంజా మీద కూర్చొని రాస్తున్నవాడు లేచాడట. లేవగానే కుడిచేయి దానంతటదే కొట్టుకుంది. ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుందని మిల్లు గుమస్తా చెప్పాడు. కుంచె జారిపోయింది. పిలిస్తే పలకలేదు. పట్టుకొని కిందికి దించారు. కాసేపటికి బాగైపోయాడట. పరీక్షలో బాగుందన్నారు కదా, మరి ఇదేంటి?”

పరీక్షలో బాగుందని అన్నది ఎవరో వదినకు తెలుసు. అందుకే ఆమెనే అడిగింది. అందులో నిందేమీ లేదు. అదే ఆమెకు తట్టుకోలేనిదైంది.

ఆసుపత్రికి వెళ్లి, గదిలో ఎవరూ రాకముందే అన్నయ్య పరీక్ష రికార్డును తెర మీదకు తెచ్చింది. ఈసారి అంకె చూడలేదు. పట్టీలు వదలక ముందటి భాగం తెరిచింది. రక్తపోటు గీత మీద ఊపిరి తన గుర్తు వదిలిపోతుంది. ఒక్కో ఊపిరికి ఒక్కో చిన్న అల. ఆ అలలు పరీక్ష మొదట్లో ఎడంగా ఉన్నాయి. పట్టీలు బిగిశాక దువ్వెన పళ్లలా దగ్గరైపోయాయి. రక్తపోటు తగ్గకపోయినా రెండు కణతల రక్తవేగమూ మెల్లమెల్లగా కిందికి దిగింది. మెడలో పూడిక ఒకవైపే ఉంది. దిగింది మాత్రం రెండువైపులా. భయంతో, నొప్పితో అన్నయ్య గబగబా ఊపిరి తీశాడు. నాళాలు బిగుసుకున్నాయి. గీతకు కొంచెం పైన ఆగిన ఆ అంకె అక్కడినుంచి వచ్చింది.

అవన్నీ ఆ రోజూ తెర మీద ఉన్నాయి. చూడాలనుకుంటే కనిపించేవే.

డాక్టరమ్మ గదికి వెళ్లి నిలబడే చెప్పింది. గొట్టం నిలవకపోవడం కాదు, తను పెట్టలేదని చెప్పింది. ఊపిరి మామూలుగా ఉందన్నది తను చూసి చెప్పిన మాట కాదని చెప్పింది. చేయి కొట్టుకున్న సంగతీ చెప్పింది. డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టింది.

“ఇన్నేళ్లలో మీరు ఆ గడి ఖాళీ వదిలింది ఒక్కసారేనక్కా,” అంది. “ఆ ఒక్కసారీ నేను అడిగాను.”

ఇంకో టెక్నీషియన్‌తో చేయించమంటారా అని ఈమె అడిగితే, అతను పొద్దున్నుంచి రాత్రిదాకా వెతికినా ఆ ఎడమ కిటికీ దొరకదని ఇద్దరికీ తెలుసంది. మీరే చెయ్యండి, గొట్టం పెట్టి చెయ్యండి అంది. మిల్లు గోడ ఎక్కొద్దని అప్పుడే ఇంటికి కబురు చేయించింది.

కబురు అందేసరికి అన్నయ్య బయల్దేరబోతున్నాడు. ఆమె కూడా సెలవు పెట్టి వెనకే వచ్చింది. గుమ్మంలో డబ్బాల మధ్య నిలబడి ఇద్దరూ మాట్లాడుకున్నారు. మళ్లీ పరీక్ష చెయ్యాలని చెబితే అతను మొదట నవ్వాడు.

“ఒకసారి పాసయ్యాను కదే. పాసైనవాణ్ని మళ్లీ పరీక్ష రాయమంటారా ఎక్కడైనా?”

“నువ్వు పాసవ్వలేదన్నయ్యా. నేను పాస్ చేశాను.”

గొట్టం సంగతి, ఊపిరి సంగతి, డాక్టరమ్మకు తను చెప్పిన అబద్ధం, ఏదీ వదలకుండా చెప్పింది. అతను భుజం మీది సంచీ దించి మెట్టు మీద కూర్చున్నాడు. నేను ముక్కుతాడు అన్నందుకా అని అడిగాడు. నీకు భయమేస్తుంటే చూడలేక అని చెప్పింది. అతను వేరే వైపు తిరిగి, నాకు భయమేసిందని ఎవరు చెప్పారు నీకు అన్నాడు. వదిన వచ్చి సంచీ తీసి లోపల పెట్టేసింది. మర్నాడు ముగ్గురూ కలిసి ఆసుపత్రికి వచ్చారు.

ఈసారి అన్నయ్య జోకులేమీ వెయ్యలేదు. గొట్టం పెడుతుంటే తల తిప్పలేదు. ఆమె తొందరపడలేదు. తెర మీద ఊపిరి గీత చదునుపడేదాకా, ఒక్కో ఊపిరీ ముందుదానిలాగే ఉండేదాకా మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఊపిరి వేగమైనప్పుడల్లా మెల్లగా వదులన్నయ్యా అంది, అంతే. అతను వదిలాడు. చెల్లెలు చెప్పిన మాట అంత బుద్ధిగా వినడం అతని జీవితంలో అదే మొదటిసారి. చిన్నప్పటినుంచి చెప్పేవాడు అతను, వినేది ఆమె.

కణత మీద కిటికీ దొరకడానికి మొదటిసారికంటే ఎక్కువసేపు పట్టింది. చప్పుడు వచ్చాక మర బిగించి, పట్టీల్లో గాలి నింపింది. ఇప్పుడు ఛాతీ వైపు కూడా చూసింది. అతను కళ్లు మూసుకొని నొప్పి ఓర్చుకుంటున్నాడు. ఊపిరి గీత చెదరలేదు.

పట్టీలు వదిలింది.

రెండువైపులా చప్పుడు కుంగింది. కుడివైపు రెండు మూడు ఊపిరుల్లోనే పైకి లేచి మునుపటి చోటికి చేరింది. ఎడమవైపు లేవలేదు. రక్తపోటు కింద ఉన్నంతసేపూ కిందే ఉంది, అది మెల్లగా ఎక్కుతుంటే దాని వెనకే ఎక్కింది. సొంతంగా చేసుకున్నది ఏమీ లేదు. పద్ధతి ప్రకారం ఒక్కసారి చేస్తే చాలదు. మళ్లీ చేసింది. ఇంకోసారీ చేసింది. ప్రతిసారీ ఎడమవైపు అలాగే ఉంది. ఆఖరుసారి కుంగినప్పుడు అతని కుడిచేతి వేళ్లు దుప్పటి మీద సన్నగా వణికి ఆగాయి. ఆమె ఆ వేళ్ల మీద చెయ్యి వేసి రక్తపోటు పూర్తిగా ఎక్కేదాకా అలాగే ఉంచింది.

పట్టీలు విప్పింది. కణతలు తుడిచింది. జుట్టులో ఇరుక్కున్న జెల్లును తడిబట్టతో కొనల దాకా లాగి తీసింది. అతను లేచి కూర్చోబోతే భుజం పట్టి ఆపి, కొంచెంసేపు కాళ్లు వేలాడదీసి కూర్చోమంది. అతను ఆమె మొహంలోకి చూసి అడగాల్సింది అడగకుండానే తెలుసుకున్నాడు.

“గొట్టం జారిందని రాసెయ్యి,” అన్నాడు. “ఆ పాత కాగితమే ఉండనీ. మిల్లు గోడ పూర్తిచేసి నేనే వస్తాను.”

“చేయి కొట్టుకున్నది ఆ గోడ మీదేగా.”

“కొట్టుకుంటే కొట్టుకుంది. ఆపరేషన్ బల్ల మీద ఈ చేయి పోతే? అప్పుడు నేనెవర్ని? కుంచె ఎలా పట్టాలో నీకు నేర్పింది ఈ చెయ్యే. అది నా దగ్గర్నుంచి నువ్వే తీసేస్తావా?”

ఆపరేషన్‌లో ఏమీ కాదని చెప్పే హక్కు ఆమెకు లేదు. అది తను కొలిచేది కాదు. కొలిచినదాని గురించే చెప్పగలదు.

“ఆ రోజు నీకు భయమేసిందన్నయ్యా. నాకూ వేసింది. ఆ కాగితంలో ఉన్నది అదే. దాన్ని నమ్మి నువ్వు అంత ఎత్తుకు ఎక్కావు. మళ్లీ నన్ను అలాంటి కాగితం రాయమనకు.”

అతను చాలాసేపు తన కుడిచేతి వేళ్లు మడుస్తూ, చాపుతూ కూర్చున్నాడు. తర్వాత, ఆమె సాయం తీసుకోకుండా మంచం దిగి, గోడ పట్టుకొని బయటికి నడిచాడు. బల్ల మీద వదిన పక్కన కూర్చున్నాడు. అతని కాలర్ లోపలికి ముడుచుకుంటే వదిన సరిచేసింది. తలుపు సందులోంచి చూస్తే అతని వీపు ఒక్కటే కనిపిస్తోంది. నిచ్చెన మీద ఎన్నో ఏళ్లు నిటారుగా ఉన్న వీపు. కాసేపటికి అది కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడని ఆమెకు తెలిసింది. పక్కకు వెళ్లి ఓదార్చాలంటే పని ఇంకా పూర్తికాలేదు. ఓదార్చినా ఇవాళ ఆమె చెయ్యి అతను పట్టుకోడు.

కుర్చీ లాక్కొని కాగితం ముందు పెట్టుకుంది. గడులు పైనుంచి నింపుకుంటూ వచ్చింది. కుడివైపు రక్తవేగం, ఎడమవైపు రక్తవేగం, ఎంత పడింది, ఎంతసేపటికి లేచింది. ఎడమవైపు గడిలో, రక్తపోటుతో పాటే లేచింది, సొంత సర్దుబాటు కనబడలేదు అని రాసింది. మూడుసార్లకు మూడు గీతలు అచ్చుతీసి జతచేసింది. ఊపిరి కొలత గడి నింపింది. మొదట ఎంత, పట్టీలు వదిలేముందు ఎంత, వదిలాక ఎంత. కుడిచేతి వేళ్లు వణికిన సంగతి రాయాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, రాసింది. అది రాస్తే ఆపరేషన్ చేసేవాళ్లు ఆలస్యం చెయ్యరు.

కింద ఖాళీ స్థలంలో పాత పరీక్ష గురించి రాసింది. అది చెల్లదు. ముక్కు గొట్టం పెట్టకుండా చేశాను. ఊపిరి మామూలుగా ఉందని చూడకుండానే చెప్పాను. రోగి నాకు అన్న. నాలుగు వాక్యాలూ ఒకే కొలత అక్షరాలతో, కొట్టివేత లేకుండా వచ్చాయి. చదువుకొని సంతకం పెట్టింది.

డాక్టరమ్మ గదిలో వేరే రోగి ఉంటే బయటే నిలబడింది. ఆ రోగి బయటికి వచ్చాక లోపలికి వెళ్లి కాగితాలు బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ముందు గీతలు చూసింది, ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్లీ చూసింది. తర్వాత రాసినదంతా చదివింది. కింది నాలుగు వాక్యాల దగ్గర ఆగి, ఇవి ఆపరేషన్ వార్డువాళ్లు కూడా చదువుతారు, నాకు చెప్పారు కదా, అది చాలు, తీసేసి ఇంకో కాగితం రాయొచ్చు అని అంది. ఆమె వద్దంది. పాత కాగితం ఎవరి చేతికైనా వెళ్లి ఉంటే, దాన్ని ఎందుకు నమ్మకూడదో వాళ్లకూ తెలియాలి కదా అంది.

మీ అన్నయ్యకు నేను చెప్పనా అని డాక్టరమ్మ అడిగింది. ఆయనకు తెలుసు, నేను చెప్పాను, ఆపరేషన్ సంగతులు మాత్రం మీరు చెప్పండి, నా నోటితో చెబితే వినడు అంది. కాగితాలు అంచులు కలిపి రెండు చేతులతో అందించింది. డాక్టరమ్మ తీసుకొని, సంతకం పెట్టి, వార్డుకు వెళ్లే ఫైల్లో పెట్టి దారం ముడి వేసింది.